చైనా వేరు చారు

మా అత్త ఆరోగ్యమ్మ పోయినేడు వాకిట్లో జారిపడింది. ఎముక విరగలేదు కానీ మా ఆయన రవికుమార్ గుండెలు మాత్రం అదిరిపోయాయి. ఆ రోజు నుంచి ఆవిణ్ణి కుర్చీలోంచి లేవనివ్వలేదు. అంతకుముందు ఆవిడ మాచవరం మిరప కల్లాల్లో కాయల తొడిమలు తీయడానికి ఆడవాళ్ళతో కలిసి పోయేది. "టీచరు గారమ్మ కూలికి పోద్దంటే నా పరువేంగాను?" అని ఆయన ఎప్పటినుంచో గొణిగేవాడు. ఆవిడ పడటం ఆయనకు కలిసొచ్చింది. ఈ మాట ఇంట్లో అంటే యుద్ధమే, అందుకే ఇక్కడ అంటున్నాను.

కూర్చుని కూర్చుని ఆవిడ కాళ్ళు పుల్లలయ్యాయి. ప్రార్థన చేయించాం, నూనె రాశాం. స్నానానికి కూడా నేనే పట్టుకుని నడిపించాల్సి వచ్చింది.

చైనాలో ఎంబీబీఎస్ చదివే మా అమ్మాయి నిస్సీ జనవరిలో సెలవులకొచ్చింది. నాయనమ్మ కోసం ఎండిన వేరు ముక్కలు తెచ్చింది. దాని పేరు హువాంగ్‌చీ అట.

"అక్కడ పెద్దాళ్ళు దీన్ని కోడి చారులో మరగబెట్టుకుని తాగుతారు నాయనమ్మా. సత్తువొస్తదని వాళ్ళ నమ్మకం."

"ఇది తాగితే నా కాళ్ళతో నేను కల్లం దాకా పోతానా?" ఆవిడ అడిగింది అదొక్కటే.

నిస్సీ తటపటాయించింది. బీపీ మాత్రలు వాడే మనిషికి తెలియని మందు పెట్టకూడదని నరసరావుపేట డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. మాత్రలు ఆపకుండా, బీపీ చూపించుకుంటూ, కొద్దిగా అయితే తాగమన్నాడాయన.

నిస్సీ తిరిగి వెళ్ళాక చారు పని నా నెత్తిన పడింది. చప్పగా ఉందని మా అత్త అందులో వెల్లుల్లి, ఇంత కారం వేయించింది. చైనా వాళ్ళు చూస్తే ఏడ్చేవాళ్ళు. ఆవిడకు ఆకలి పెరిగింది, మొహం తేటపడింది. అది వేరు గుణమో కోడి గుణమో నాకు తెలియదు. కాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే.

మార్చిలో మా ఆయన నిస్సీకి వీడియో కాల్ చేశాడు.

"ఇంకో ప్యాకెట్ పంపమ్మా. ఇది పెద్దగా పనిచెయ్యట్లా."

"అది ఎంత పనిచేస్తుందో ఇక్కడ ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు డాడీ. కానీ ఇది తాగే ముసలాళ్ళు ఇంట్లో కూర్చోరు. తెల్లారేసరికి పార్కులో ఉంటారు, కాళ్ళూ చేతులూ ఆడిస్తా, కబుర్లు చెప్పుకుంటా. నాయనమ్మని నువ్వు నడవనిస్తన్నావా?"

"పడితే?" అన్నాడాయన. పరువు సంగతి అలా ఉంచితే, ఆ భయం నిజం. తల్లంటే ఆయనకు ప్రాణం.

"పడితే లేపుదువుగాన్లేరా," అంది మా అత్త. "బతికుండగానే పాతిపెట్టమాక నన్ను."

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు బడికి సెలవు. ఆవిడ నా భుజం పట్టుకుని బయల్దేరింది. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు, కొంచెం వెనగ్గా నడుస్తూ వచ్చాడు. కనబడ్డ అరుగు మీదల్లా కూర్చుని, రొప్పుతూ, ఎట్టాగో కల్లం చేరింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆవిడ వేళ్ళు పని మరిచిపోలేదు.

అంతలో ఆ దారిన పోతున్న హెడ్‌మాస్టరు బండి ఆపాడు. "ఏంది రవికుమార్, అమ్మగారు ఇక్కడ కూర్చున్నారు?"

మా ఆయన నేలవైపు చూశాడు, తర్వాత వాళ్ళమ్మ వైపు చూశాడు.

"కూలికొచ్చింది సార్," అన్నాడు. "నడిచే వచ్చింది."