స్లాబు కింద ఆగిన గొట్టం

నేను ఒక పొగగొట్టాన్ని. ఆరంగుళాల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, మూడు ముక్కల అతుకు, తల మీద రేకు టోపీ. ఇప్పుడు పశువుల పాక వెనక విరిగిన నాగలి పక్కన పడి ఉన్నాను. ఒళ్లంతా తుప్పు పట్టింది, కోపం మాత్రం పుట్టినప్పటిలాగే ఉంది. వినే ఓపిక ఉంటే వినండి, లేదంటే మీ దారిన మీరు పొండి. నా మాట పట్టించుకోని మనుషులు నాకు కొత్త కాదు.

నర్సీపట్నం బజారులో ఇమాంసా అనే రేకుల పనివాడు నన్ను చేశాడు. ఒక చలికాలం ఉదయం అప్పలసూరి, అతని భార్య నూకరత్నం ఆ కొట్టుకు వచ్చారు. ఆమె చంకలో మూడేళ్ల కూతురు పైడి. పిల్ల ఊపిరి తీస్తుంటే ఛాతీలోంచి పిల్లికూతలు కొట్టు బయటికి కూడా వినిపిస్తున్నాయి. ఈ చలికాలం కూడా పొగలోనే ఉంచితే పిల్ల దక్కదని ఆసుపత్రిలో డాక్టరమ్మ అప్పుడే ఖరాఖండిగా చెప్పి పంపింది. గ్యాసు బండ వాళ్లింట్లోనూ ఉంది. అది చుట్టాలొస్తే టీ కాచడానికి. ఇంటిల్లిపాది కూడుకీ, స్నానాల నీళ్లకీ, పశువుల కుడితికీ కట్టెలే.

"పైకప్పు ఏంటమ్మా, పెంకా, స్లాబా?" అని అడిగాడు ఇమాంసా.

"స్లాబు బాబూ. పొగ ఎల్డానికి దారే నేదు."

అప్పలసూరికి పూల రంగు వేసిన రెండు నోళ్ల పొయ్యి నచ్చింది. నూకరత్నం దాని వైపు చూడలేదు. ఒక్కో పొయ్యిలో చెయ్యి దూర్చి, కట్టె ఎంత పడుతుందో, బూడిద ఎక్కడ రాలుతుందో, తలుపు బిగుతుగా పడుతుందో లేదో చూసి, రంగూ రూపూ లేని ఒక ఇనుప పొయ్యి ముందు కూర్చుంది. ఆమె తెలివి చూసి నాకు ముచ్చటేసింది. గొట్టం దగ్గర కూడా మొగుడు సన్నగా మెరిసేదాన్ని పట్టుకున్నాడు.

"అది నెలకే మసి పట్టి మూసుకుపోద్ది. ఇది తీసుకో," అని ఇమాంసా నన్ను ముందుకు తోశాడు. "వంపులు పెట్టొద్దు, నిటారుగా పోనీ. స్లాబుకి కన్నం కొట్టి, పైన రెండు మూరలు లేపండి. గొట్టం నోరు ఇంట్లో ఉంటే మాత్రం నన్ను తిట్టొద్దు."

ఇంత విడమరిచి చెప్పాడా? ఇంటికెళ్లాక ఏం జరిగిందో వినండి.

ఆ ఊరు చింతపల్లి ఘాటు దిగువన ఉంది. ఆ ఇల్లు అప్పలసూరి తండ్రి ఎర్రునాయుడిది. స్లాబు పోసినప్పుడు ఇరవై ఒక్క రోజులు బిందెలతో నీళ్లు మోసి తడిపాడట. కన్నం మాట వినగానే ఇంతెత్తున లేచాడు.

"నా స్లాబుకి బొక్కెడతారేట్రా? గొట్టం అటక దాకా ఉంటే సాలు. విత్తనం కంకులకి పొగ తగిల్తే పురుగు పట్టదు. మాయమ్మ అలగే సేసీది."

వాళ్లమ్మ అలాగే చేసేది, అబద్ధం కాదు. కాని ఆవిడది పెంకుటిల్లు. పొగ అటక మీది కంకులకు తగిలి, పెంకుల సందుల్లోంచి తన దారిన తాను పోయేది. స్లాబులో సందులెక్కడున్నాయి? ఇల్లు మారింది గాని పెద్దాయన బుర్ర మారలేదు. నా పై ముక్క ఊడదీసి పెరట్లో వాననీటికి తూముగా పెట్టాడు. నా టోపీని కోళ్లకు మేత పళ్లెం చేశాడు. మిగిలిన నన్ను స్లాబుకు మూరెడు కింద, మొక్కజొన్న కంకుల మధ్య ఆపేశాడు.

పొయ్యి ముట్టించారు. పొగంతా నాలోంచి పైకెక్కి, స్లాబుకు కొట్టుకుని, తిరిగి ఆ పసిదాని మీదికే దిగింది. బయటికి మోసుకుపోవాల్సిన దాన్ని నేనే తెచ్చి పిల్ల నెత్తిన పోశాను. ఆ సిగ్గుకు నన్ను అక్కడే కరిగించినా బాగుండేది.

"మావా, గొట్టం నోరు ఇంట్లోనే ఉంటే ఇంక గొట్టమెందుకు?" అంది నూకరత్నం మామగారితో.

"మీ అత్త నలబయ్యేళ్లు పొగలోనే వొండింది. ఏటయిపోనాది?"

అత్త గౌరమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు రెండు కళ్లూ కనిపించవు. అప్పలసూరి తండ్రి దగ్గర తలూపాడు, పెళ్లాం దగ్గర తల దించుకున్నాడు. పుట్టిన బిడ్డ కంటే పోసిన స్లాబు ఎక్కువైపోయిన ఇల్లది!

పుష్యమాసంలో ఒక పొద్దున మంచు దిగి, చలికి తలుపులన్నీ మూసేశారు. నీళ్లు కాగుతున్నాయి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. నూకరత్నం తిరిగి చూసేసరికి పైడి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పిల్లను భుజాన వేసుకుని చెప్పులైనా లేకుండా ఆటో కోసం పరుగెత్తింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ముక్కుకు గాలిగొట్టం పెట్టి బతికించారు. అక్కడి గొట్టం పిల్లకు ఊపిరి పోసింది, ఇక్కడ నేను తీశాను.

ఐదో రోజు పొద్దున పిల్లతో తిరిగొస్తే, ఎర్రునాయుడు ఏమన్నాడో తెలుసా? "దిష్టి తగిలినాది," అన్నాడు. ఒక నిమ్మకాయ తెచ్చి నా మెడకు కట్టాడు. నాకు నోరుంటే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరి చెవులూ మిగిలేవి కావు.

అప్పుడు గౌరమ్మ మంచం దిగింది. గోడ తడుముకుంటూ పాక దాకా వెళ్లి గునపం తీసుకొచ్చింది.

"అప్పలసూరీ, నన్ను మేడ మెట్లెక్కించు. రత్నం, నువ్వు గొట్టానికి పైనున్న సోట స్లాబుని రోకలితో కొట్టు."

"నీకు మతి పోనాదేటే? కళ్లు నేనిదానివి, ఏటి సేత్తావు?" అని అరిచాడు ఎర్రునాయుడు.

"నా కళ్లు ఎలగ పోనాయో ముందు నువ్వు సెప్పు. తరవాత నీ స్లాబు కాడికి వొస్తాను."

పెద్దాయన అరుగు మీద కూలబడ్డాడు. నూకరత్నం పీట మీద పీట వేసి ఎక్కి, కంకులు పక్కకు తోసి, రోకలితో స్లాబును కింద నుంచి పొడిచింది. పైన గౌరమ్మ మోకాళ్ల మీద పాకుతూ, ఆ చప్పుడు అరచేతికి అదిరే చోటు వెతుక్కుంది. కింద ఉన్నవాళ్లను తప్పుకోమని కేకేసి, గునపం ఎత్తి దించింది. మూడు దెబ్బలకు పెచ్చు ఊడింది. నాలుగో దెబ్బకు అప్పలసూరి ఆమె చేతిలోంచి గునపం తీసుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ మనిషి చేసిన మంచిపని అదొక్కటే.

తూమునుంచి నా పై ముక్క, కోళ్ల దగ్గరనుంచి నా టోపీ తిరిగొచ్చాయి. స్లాబు దాటి రెండు మూరలు లేచి నిలబడ్డాను. తొలి పొగ ఆకాశంలో కలిసిపోతుంటే ఏడుపొచ్చింది. విత్తనం కంకులంటారా? వేపాకు వేసి కుండలో పెట్టారు, ఒక్క పురుగు పట్టలేదు. నెల తిరక్కుండానే ఎర్రునాయుడు వచ్చినవాళ్లందరినీ మేడ ఎక్కించి, "నానే పెట్టించినాను బొక్క, సూడండి," అని చూపించడం మొదలుపెట్టాడు. సిగ్గుండాలి.

ఏడేళ్లు పొగ మోశాను. నా అతుకులు ఊడితే కొత్త గొట్టం తెచ్చి, నన్ను ఇక్కడ పడేశారు. పైడికి పదేళ్లొచ్చాయి. బడి లేని రోజుల్లో వచ్చి నా కొసకు నోరు పెట్టి వాకిట్లోకి కేకలేస్తుంది. ఆ ఊపిరి నాలోంచి పోతుంటే నేను ఇప్పటికీ భయం భయంగా చెవి ఒగ్గి వింటాను. పిల్లికూత ఒక్కటి కూడా ఉండదు.

"మామ్మా! ఓ మామ్మా! ఇనపడతందా?"

"ఇనపడతందే గుంటా," అంటుంది గౌరమ్మ మంచం మీది నుంచి. "కళ్లు ఎలగూ నేవు, సెవులైనా ఉండనియ్యే!"