బుగ్గన పెట్టుకున్న గొంతు

మధ్యాహ్నం రెండయ్యేసరికి, కాజాలు కుట్టే ఆవిడ చొక్కాలు మడతపెట్టేసి తమ్ముడి గదిలోకి వెళ్ళేది. అతను గోడౌన్‌లో రాత్రి కాపలా. ఆ వేళకి ఒళ్ళు తెలియని నిద్రలో ఉండేవాడు. తలగడ పక్కనున్న అతని గొంతు తీసి, లవంగంలా బుగ్గన పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చునేది.

"డ్యూటీ వేళకి ఇచ్చెయ్యక్కా," అనేవాడు తమ్ముడు మొదట్లో. తర్వాత అదీ మానేశాడు.

ఆన్‌లైన్ ఆటలో ఐదుగురు ఒక జట్టు, మైకులో మాట్లాడుకుంటూ కోట పట్టుకోవాలి. మొదటిరోజు ఆవిడ సొంత గొంతుతోనే దారి చెప్పింది. "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూసుకో అక్కా," అన్నాడొకడు. మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. మర్నాడు అదే దారి తమ్ముడి గొంతుతో చెబితే, "సరే గురూ!" అంటూ నలుగురూ పరిగెత్తారు.

అలా రెండేళ్ళు. టైలరు గుమ్మంలో మూట పడేసి పోతాడు. తమ్ముడు లేస్తూనే డ్యూటీకి పరుగు. రోజు మొత్తంలో ఆవిడతో కబుర్లాడేది ఆ నలుగురే.

ఒక రాత్రి, కూలీలు లోపల సరుకు దించుతుండగా గోడౌన్‌లో మంటలంటుకున్నాయి. తమ్ముడు నోరు తెరిచాడో లేదో, మాటలు వాటంతటవే దూకాయి. "నువ్వు ఎడమ గేటుకి! నువ్వు వెనక మెట్లు చూడు! ఒంటరిగా ఎవరూ వెళ్ళొద్దు!" అందరూ బతికి బయటపడ్డారు. యజమాని అతన్ని సూపర్‌వైజర్ని చేసి పగటి డ్యూటీ వేశాడు.

"'ఎవరక్కడ' అని కూడా గట్టిగా అనలేనివాణ్ణి కదక్కా, నాకిదంతా ఎలా వచ్చిందో!" అన్నాడు తమ్ముడు కొత్త యూనిఫాం తొడుక్కుంటూ.

"రేపొక్క మధ్యాహ్నం ఇస్తావురా? ఫైనల్ ఆట ఉంది."

"పగలంతా నాకే కావాలిగా. అయినా నీ గొంతుకేం, బంగారంలా ఉంటుంది."

మర్నాడు ఆవిడ సొంత గొంతు పెగుల్చుకుంది. చాన్నాళ్ళు మంచం పట్టి లేచిన మనిషిలా వచ్చిందది. "మెట్ల కింద ఇద్దరున్నారు. కుడికి రండి."

"ఎవరిది? గురువేడీ?"

"నేనే."

"జోకులొద్దక్కా, ఆయన్ని పిలు."

"ఆయన డ్యూటీకెళ్ళాడు."

"అయితే వచ్చేదాకా ఆగుతాం."

నలుగురూ కోట గోడ కింద నిలబడిపోయారు. మెట్ల కింద నుంచి ఇద్దరు శత్రువులు పైకి వస్తున్నారు. "కుడికి!" అని అరిచి, ఆవిడొక్కతే పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే గోడౌన్‌లో తమ్ముడి నోట "కుడికి!" అన్న మాట వచ్చింది. ఎందుకన్నాడో అతనికే తెలియదు. ముప్పైమంది కూలీలు, ఒక్కరూ ఎందుకని అడగకుండా, నెత్తిన మూటలతోనే కుడికి తిరిగారు.