సీటు కుట్టు

హన్నా వేసిన కుట్టు ఊడిరాదు. ఆ పేరే ఆమెకి అన్నం పెడుతోంది. అవనిగడ్డ చుట్టుపక్కల తిరిగే ఆటోల సీట్లు సగం ఆమె ఇంటి వసారాలో కుట్టినవే. మైనం పట్టించిన నైలాన్ దారం, రెండు సూదులు, రెండు వైపుల నుంచీ బిగలాగుడు. గతుకుల రోడ్డు మీద రెక్సిన్ చిరగొచ్చు గాని కుట్టు తెగకూడదని తండ్రి జ్ఞానయ్య నేర్పాడు. పక్షవాతంతో ఆయన చెయ్యి పడిపోయాక ఆ సూదులు ఆమె చేతికొచ్చాయి.

ఇప్పుడా కుట్టు ఆమె తమ్ముడు ప్రేమ్ సాగర్ తొడుక్కున్న సూటు వీపు మీద ఉంది, నడుము నుంచి మెడ దాకా. లోపల తమ్ముడున్నాడు. పైన మే నెల ఎండ ఉంది.

తొంభై తొమ్మిదిలో సంగతి. అవనిగడ్డకి ఎగువనున్న శ్రీకాకుళం అనే పల్లె రేవు దగ్గర కృష్ణ ఒడ్డున ఇసక తిన్నెల మీద సినిమా తీస్తున్నారు. సినిమాలో అది వేరే గ్రహం. రొయ్యల చెరువుల శోభనాద్రి గారు నిర్మాత, ఆయన మేనల్లుడు రాజీవ్ డైరెక్టరు. వ్యోమగామి సూటు హైదరాబాదు నుంచి తెప్పించుకునే స్తోమత వాళ్ళకి లేదు. ఇక్కడే కుట్టిచ్చే మనిషి కావాలి, అది రెక్సిన్ మీద చెయ్యి తిరిగిన మనిషి అయ్యుండాలి. అలా హన్నా గడప తొక్కారు.

మూడు వారాలు ఆటోలవాళ్ళని తిప్పి పంపేసి మరీ కుట్టిందామె. వెండి రంగు రెక్సిన్, దాని కింద అంగుళం మందం స్పాంజి. గుండెల మీద పాత టేప్‌రికార్డరు డబ్బా, దానికి ఆటో ఇండికేటర్ దీపాలు, పొలంలో మందు కొట్టే స్ప్రేయరు గొట్టాలు. తల టోపీకి కుండ బోర్లించి పైన ఫైబర్ పోతపోసి, ఆరాక కుండ పగలగొట్టి మొహం ముందు అద్దం బిగించింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరో ఒకరు కూర్చుని అణగదొక్కే వస్తువులే కుట్టింది. నిలబడి నడిచే వస్తువు కుట్టడం ఇదే మొదలు. వసారాలో కొక్కేనికి వేలాడుతుంటే వీధిలో వాళ్ళు ఆగి చూసిపోయేవాళ్ళు.

హీరో వచ్చి తొడుక్కుని రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. ఉడికిపోతోందన్నాడు, తీసేశాడు. మొహం కనపడని నడక షాట్లకి తనెందుకన్నాడు. నిజమే మరి, హీరో ఉడకకూడదు. ఉడకడానికి డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ప్రేమ్ సాగర్ ఉన్నాడు.

వీపుకి జిప్పు పెట్టింది హన్నా. షూటింగు రోజు పొద్దున్న కెమెరాలోంచి చూసి రాజీవ్ మొహం చిట్లించాడు. వేరే గ్రహం మీద జిప్పు తళతళలాడుతోందట. అది పీకేసి కుట్టెయ్యమన్నాడు. టోపీకి చెవుల కింద గాలికని తొలిచిన బెజ్జాలు చిల్లుల గరిటెలా ఉన్నాయని వాటి మీద వెండి టేపు అంటించాడు. మనిషి లోపలుండగా కుట్టడమేంటని హన్నా అడిగింది. అరగంట పనేనన్నాడు. అంతలో ప్రేమ్ సాగరే నవ్వాడు.

"కుట్టెయ్ అక్కా. సీటనుకో."

కుట్టేసింది. చెయ్యి అలవాటు కొద్దీ సీటుకి కుట్టినట్టే కుట్టింది, లోపలున్నది ఎప్పటికీ బయటికి రానక్కర్లేనట్టు. తప్పెవరిదని అడిగితే ఈ రోజుకీ అందరూ అందరి వైపూ చూపిస్తారు. సూది పట్టింది మాత్రం హన్నా. ఆ మాట ఆమె ఎవరి ముందూ దాచలేదు.

ఇబ్బందైతే కుడి చెయ్యి పైకెత్తమని తమ్ముడికి చెప్పింది. ఆ సంగతి రాజీవ్‌కీ చెప్పింది. ఆయన తలూపాడు.

అరగంట గంటన్నర అయింది. ఒకసారి మబ్బు అడ్డొచ్చింది, ఒకసారి బ్యాటరీ అయిపోయింది, ఒకసారి దూరాన గేదెలు ఫ్రేములోకొచ్చాయి. అన్ని సార్లూ ప్రేమ్ సాగర్ తిన్నె మీద అలాగే నిలబడ్డాడు. మంచినీళ్ళు ఇద్దామంటే టోపీ మెడ పట్టీతో సూటుకే కుట్టి ఉంది, మూతి ఎక్కడుందని? నాలుగోసారి నడక మొదలైంది. కెమెరా పక్కన నిలబడి హన్నా చూస్తోంది. వంద గజాల అవతల వెండి మనిషి నాలుగడుగులేసి ఆగాడు. కుడి చెయ్యి పైకెత్తాడు.

"ఆపండి రాజీవ్ గారూ, చెయ్యెత్తాడు."

రాజీవ్ కెమెరా మీంచి కన్ను తియ్యలేదు. "ఉండండి, భలే చేస్తున్నాడు. నేను చెప్పలేదు కూడా."

చెయ్యి దిగింది, మళ్ళీ లేచింది, ఈసారి సగం దాకానే. ఒడ్డున చేరిన జనం చప్పట్లు కొట్టారు. వెండి మనిషి పక్కకి తిరిగాడు. వెళ్ళాల్సింది తిన్నె వైపు. వెళ్తున్నది ఏటి వైపు.

హన్నాకి అర్థమైంది. వాడికి నీళ్ళ మెరుపు కనపడింది, చల్లగా ఉంటాయనుకుంటున్నాడు. అక్కడ ఉన్నది ఏరు కాదు, ఇసక లారీలు తవ్వి వదిలేసిన గొయ్యి, నిలువెత్తుకి పైన. నిరుడు ఒక ఆటో కాలవలో పడితే ఒక్క సీటు పైకి లాగడానికి నలుగురు పట్టారు. స్పాంజి నీళ్ళు తాగితే రాయే. వాడి ఒంటి నిండా స్పాంజి చుట్టి కుట్టింది తనే.

ఇక అడగలేదు. కుట్టుసంచీలోంచి రెక్సిన్ కత్తి తీసుకుని పరిగెత్తింది. వెనక నుంచి శోభనాద్రి గారి కేక వినపడింది.

"అమ్మాయ్, ఫ్రేములోకి వెళ్ళకు, రీలు పాడవుద్ది."

కాలే ఇసకలో చెప్పులు ఊడిపోయాయి. ఆమె చేరేసరికి ప్రేమ్ సాగర్ మోకాళ్ళ దాకా దిగాడు. బూట్ల కుట్లలోంచి స్పాంజి అప్పటికే నీళ్ళు లాగుతోంది. వెనక నుంచి పట్టుకుంటే వాడికి ఎవరో తెలియక మోచేత్తో తోశాడు. ఆమె వదల్లేదు. టోపీ అద్దం లోపల ఆవిరి పట్టి తెల్లగా ఉంది, మొహం కనపడట్లేదు. పాదాల కింద ఇసక జారుతోంది.

దారం తెంపబోతే ఒక్కో కుట్టుకీ నిమిషం పడుతుంది. తన కుట్టు సంగతి తనకి తెలుసు. రెక్సిన్నే చీల్చాలి. అంగుళం స్పాంజి ఉంది, దాని వెనకే వెన్నెముక. కత్తి మొన నుంచి అంగుళం వదిలి బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకుంది. మెడ దగ్గర దించి ఒక్క లాగున నడుము దాకా చీల్చింది. బొటనవేలు తెగింది గాని కత్తి ఆ అంగుళం దాటలేదు. అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి ఆమె మొహానికి కొట్టింది. మెడ పట్టీ కూడా కోసి, టోపీ వెనక్కి విరిచి, చంకల్లో చేతులేసి తమ్ముణ్ణి వెనక్కి లాగింది. ఖాళీ సూటు కాసేపు నీళ్ళ మీద తేలింది. తర్వాత బరువెక్కి మెల్లగా గోతిలోకి పోయింది.

ఒడ్డు మీద ప్రేమ్ సాగర్ చాలాసేపు ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. కళ్ళు తెరిచాక అక్క చేతి నెత్తురు చూసి తనదనుకున్నాడు.

రాజీవ్ పరిగెత్తుకొచ్చాడు. వాడి తల మీద నీళ్ళు పోశాడు, పైకండువాతో విసిరాడు. గంట తర్వాత, గోతిలోంచి సూటు తీయించాక, తల వంచుకునే అడిగాడు, మళ్ళీ కుట్టగలరా అని. శోభనాద్రి గారు రీలు సంగతి ఎత్తబోయారు గాని హన్నా చేతిలో కత్తి ఇంకా ఉంది, మానేశారు.

"కుడతాను," అంది హన్నా. "వీపుకి కాదు, గుండెలకి గుండీలు పెట్టి. లోపలున్నవాడు తన చేత్తో తనే తీసుకుని బయటికి రావాలి. కెమెరాకి కనపడినా సరే. టోపీకి బెజ్జాలు ఉంటాయి. కాదంటే ఇంకొకరిని చూసుకోండి."

"గ్రహం మీద గుండీలంటే జనం నవ్వుతారండీ," అన్నాడు రాజీవ్.

"నవ్వనివ్వండి. ముందు మీరు తొడుక్కుని గంట నిలబడండి. ఆ తర్వాతే మా వాడు."

సూటు సిద్ధమయ్యాక రాజీవ్ తొడుక్కున్నాడు. ఇరవై నిమిషాలకే గుండెల మీద చెయ్యేసి, గుండీలు తనే తీసుకుని బయటికొచ్చాడు. ఆ తర్వాత ఏ షాటూ పది నిమిషాలు దాటలేదు.

సినిమా అవనిగడ్డలో నాలుగు రోజులు ఆడింది. తెర మీద హన్నా పేరు వెయ్యలేదు. వెండి మనిషి దగ్గరికొచ్చినప్పుడల్లా గుండెల మీద డబ్బా పక్కన వరసగా ఆటో పక్క పరదాలకి వేసే టిచ్ బటన్లు తొమ్మిది కనపడ్డాయి. మొదటాటలో ముందు బెంచీలవాళ్ళు చూసి పగలబడి నవ్వారు. ఒకడు ఆటోని పిలిచినట్టు ఈల కూడా వేశాడు. ప్రేమ్ సాగర్ కూడా నవ్వాడు. హన్నా ఆ బటన్లనే చూస్తూ కూర్చుంది, తొమ్మిదీ ఉన్నాయో లేవోనని.