రెండోసారి పోసిన నీళ్లు

ముడి విప్పి మళ్లీ కట్టినంత మాత్రాన నమ్మకం లేనట్టేనా, ఎవరు చెప్పారు వీళ్లకు, ఆట ఆడిన ప్రతివాడూ నేమా మీద తీర్పు చెప్పేవాడే, ఆశ్రిత ఫోన్‌లో ఆ చర్చ చదువుతూ బండల ఫ్యాక్టరీ షెడ్డులో అన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది, కొండలు దాటే ఆ వీడియో గేమ్‌లో ఉన్నదే ఇద్దరు, నేమా, ఆమె తోడు తారిన్, నేమాకు ఆటిజం అని తయారుచేసినవాళ్లే చెప్పారు, తారిన్ తాడు కడతాడు, నేమా పల్లెత్తు మాట అనకుండా ఆ ముడి విప్పి మళ్లీ కడుతుంది, ఆట పొడుగునా అంతే, దానికి ఎవడో రాశాడు ఆమెకు ప్రేమా లేదు గీమా లేదు, అలవాటు అంతేనని, వాడి మాటకు మూడు వందల మంది వంత, ఆశ్రితకు ఒళ్లు మండిపోయింది, పోయినేడు బెంగళూరు డాక్టరు తనకూ ఆటిజమేనని చెప్పినప్పుడు కూడా ఇంత మండలేదు, పైగా ఆట చివర్లో తారిన్ నన్ను నమ్ముతావా అని అడిగితే తెర మీద మూడే దారులు, కౌగిలించుకో, అవును అను, వెళ్లిపో, నాలుగు రోజులుగా ఆమె అక్కడే ఆపేసి కూర్చుంది.

పొద్దున, ఇక్కడే బండలు చూసి లారీకెక్కించే భరత్ అడిగిందీ అదే కదా, చిలమత్తూరులో పని దొరికింది, సాయంత్రం బస్సుకు పోతాండా, ఒక్క మాట చెప్పు ఆశ్రితా, నామీద నీకు నమ్మకం ఉండాదా లేదా, ఉండాదంటే పోను, అంటే ఆమె నోటికి వచ్చింది ఇంకా నలభై రెండు బండలు లోడు చేయాల అని, అతని మొహం మాడిపోయింది, నమ్మకమేమిటి మధ్యలో, పాలిష్ అయిన నల్లబండ మీద నీళ్లు పోసి ఆరేదాకా చూడాలి, బండంతా ఆరినా పగులున్నచోట సన్నగా తడిగీత మిగులుతుంది, తాడిపత్రిలో ఎవరికైనా తెలిసిందే, భరత్ చూసి సరేనన్న బండల మీద రెండేళ్లుగా ఆమె రోజూ మళ్లీ నీళ్లు పోస్తోంది, ట్యాంకరు నీళ్లు అట్ల పారబోస్తే ఎట్ల తల్లీ అని ఊడ్చే లక్ష్మక్క గొణుక్కున్నా పోస్తోంది, హమాలీలు నవ్వేవాళ్లు, ఏమప్పా భరత్, నీ చూపుకు ఆ పాప సంతకం కావాల్నా అని, అతనూ నవ్వేవాడు, నవ్వేవాడా, పళ్లు కనిపిస్తే నవ్వు కాదా, ఏమో, పాలిష్ మిషన్ మళ్లీ మొదలైంది, ఆ రొద చెవుల్లోంచి తలలోకి పోతోంది, రెండేళ్ల కిందట ఒక పగుళ్ల బండ లారీ ఎక్కిపోయినందుకు ఓనరు అందరిముందూ భరత్‌ను గాడిద అన్నాడు, ఆ రోజు అతను అన్నం ముట్టలేదు, చెవులు ఎర్రగా అయిపోయాయి, ఆ చెవులు చూడలేకే కదా మరుసటి రోజు తను చెంబు పట్టుకున్నది, ఇంతకన్నా ఏం కావాలి, కౌగిలించుకోవాలా, అవును అనాలా.

ఫోన్ మళ్లీ మోగింది, చర్చలో ఎవరో ఒకామె అడిగింది, ముడి ఎందుకు మళ్లీ కడుతోందో నేమా తారిన్‌కు ఎప్పుడైనా చెప్పిందా అని, పిచ్చి ప్రశ్న, ఆశ్రిత వేళ్లు అప్పుడే జవాబు కొట్టేస్తున్నాయి, చెప్పాలా, చూస్తే తెలియదా, అని.

చూస్తే తెలియదా, ఈ మాట ఎవరిది, అమ్మది, చుట్టాలొస్తే లేచి నిలబడాలని చూస్తే తెలీదా, టీచరుది, ఓనరుది, ఇరవై ఏడేళ్లుగా అందరూ తన నెత్తిన వేసిన మాట, వినబడితే చాలు ఎక్కడైనా దాక్కోవాలనిపించే మాట, అది ఇప్పుడు తన వేళ్లలోంచి వచ్చింది, ఆమె డబ్బా వదిలేసి లేచింది, లారీ పక్కన భరత్ తాడు బిగిస్తున్నాడు, మొహం చూడలేదు, అతని చొక్కా గుండీ చూస్తూ చెప్పింది, నిన్ను ఎవురూ మళ్లా ఒక్క మాట అనకూడదని నీళ్లు పోస్తాండా భరత్, నీ చూపు మీద అనుమానంతో కాదు, అతను తాడు వదిలేసి ఆమె వైపు తిరిగాడు, నాకెట్ల తెలుస్తాది ఆశ్రితా, అన్నాడు నెమ్మదిగా, నిజమే, ఎట్లా తెలుస్తుంది, లోకమంతా ఏ తప్పు చేసి తనను ఏడిపించిందో అదే తప్పు తను రెండేళ్లు రోజూ ఇతనికి చేసింది.