అరలో ఆరు జతలు

నేను ఒక ఫుట్‌బాల్ బూటుని. నా పైభాగమంతా కంగారూ తోలు. అడుగు ప్లాస్టిక్కు, లోపల స్పాంజి, మెడ దగ్గర లేసు. వీటన్నిటిలో తోలు ఒక్కటే ఒకప్పుడు ఊపిరి పీల్చింది. అందుచేత "నేను" అన్నప్పుడల్లా ఆ మాటలో ఎంత నాది, ఎంత ఆమెది అన్న సందేహం నన్ను విడవదు.

ఆమె అంటే ఆ కంగారూ. ఆస్ట్రేలియాలో వాన అరుదుగా పడే ఎర్రమట్టి మైదానం ఆమెది. తోలుకు జ్ఞాపకం ఉండదు కనుక ఇదంతా తరువాత విన్నదాన్నిబట్టి చెబుతున్నాను. కళ్ళలో దీపం పడితే కంగారూ పారిపోదట. నిలబడి చూస్తుందట. తుపాకీ పట్టినవాడికి కావలసింది ఆ చూపే. పొట్టసంచిలో పిల్ల ఉంటే దాన్ని ఏం చెయ్యాలో కూడా నిబంధనల్లో ఉంది. తలమీద బలంగా ఒక్క దెబ్బ. దానికి అక్కడివారు పెట్టుకున్న పేరు దయ. చంపడానికి నియమాలు రాసుకునేటప్పుడు మనుషులు చూపే శ్రద్ధ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆమె కాలికి ఒక అంకె ఉన్న చీటీ కట్టారు. ఆ చీటీతో ఆమె చట్టబద్ధమైంది. తరువాత ఉప్పు, సున్నం, రసాయనాలు, రంగు. వేరే దేశంలో ఒక ఫ్యాక్టరీలో, నేను పేరెరుగని ఒక స్త్రీ నన్ను కుట్టి, కుట్టుమీద బొటనవేలితో ఒకసారి నిమిరి, పెట్టెలో పెట్టింది. నా పుట్టుకలో నాకు దక్కిన స్పర్శ అదే.

విశాఖపట్నంలో, డాబాగార్డెన్స్ దగ్గరి ఒక ఆటసామాన్ల దుకాణంలో నా పెట్టె తెరుచుకుంది. యజమాని బమ్మిడి వరహాలరావు. ఉత్తరాంధ్ర కాలేజీ జట్లలో సగానికి బూట్లు ఆయనే వేయించేవాడు. కంగారూ తోలు బూట్లకు జిల్లా ఏజెన్సీ ఇస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చి, నమూనాగా ఆరు జతలు పంపింది. వాటిలో ఎనిమిదో నంబరు జత మేము. అద్దాల అరలో మమ్మల్ని వరుసగా నిలబెట్టి, కింద "అతి తేలిక, అతి మెత్తన" అని రాసిన అట్టముక్క పెట్టాడు.

మూడో రోజు కాత్యాయని గారు వచ్చారు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. ఆరుగురు సభ్యులున్న ఒక జీవకారుణ్య సంఘానికి అధ్యక్షురాలు. అరముందు నిలబడి ఆమె ఆ అట్టముక్కను రెండుసార్లు చదివింది.

"ఏటండీ మేడమ్ గారూ, ఆట మొదలెడతారా?" అన్నాడు వరహాలరావు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. కంగారూని ఎలా పడగొడతారో, పిల్లను ఏం చేస్తారో మెల్లగా చెప్పింది. ఆయన నవ్వు ఆపేశాడు. చెడ్డవాడు కాడు.

"నాకూ ఆడపిల్లలున్నారండీ. కానీ నేను మానేస్తే పక్కోడు తెస్తాడు. పోనీ, ఒక మాటనుకుందాం. దసరా వరకూ చూస్తాను. ఒకటీ అరా పోతే పోనివ్వండి, సగం జతలు ఇలాగే ఉండిపోయాయా, ఏజెన్సీ నాకొద్దని రాసేస్తాను. అప్పన్న సాక్షి."

"మాటేనా?"

"అప్పన్న పేరెత్తాక వెనక్కెళ్తానేటండీ!"

నేను అరలో ఉండి అంతా విన్నాను. బూటు పుట్టేది అమ్ముడుపోవడానికి. కానీ ఆ రోజు మొదటిసారి, ఎవరూ నన్ను కొనకూడదని కోరుకున్నాను.

ఆ సంఘానికి ఒక ఆచారం ఉందని తరువాత తెలిసింది. పూర్వం పశువుల కోసం ఒక నీళ్ళతొట్టి కట్టించి, దానిమీద ఎవరి పేరు ముందు చెక్కాలన్న విషయంలో సభ్యులు రెండేళ్ళు మాట్లాడుకోలేదట. అప్పటినుంచి నియమం పెట్టుకున్నారు: జంతువుల కోసం ఎవరు ఏం ఖర్చుపెట్టినా రెండోవారికి చెప్పకూడదు. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదు. గొప్ప నియమమే. అహంకారాన్ని జయించిన మనుషులు కూడా పొరపాటు చేయగలరని వాళ్ళకు తోచి ఉండదు.

వాళ్ళు తలా ఒక కాలేజీ పంచుకుని ప్రసంగాలు మొదలుపెట్టారు. పిల్లలు ఫొటోలు చూసి నమ్మలేదు. "ఇవన్నీ కంప్యూటర్లో చేసినవి మేడమ్" అన్నారు. "ఆ బూటేదో ఒకసారి పట్టుకొచ్చి చూపించండి" అన్నారు.

మొదట గవరయ్య గారు వచ్చారు. రైల్వేలో గార్డుగా చేసిన మనిషి. తొమ్మిదో నంబరు కొన్నారు. రెండు రోజులకు నూకరత్నం వచ్చింది. బట్టలు కుట్టే దుకాణం ఆమెది. పదో నంబరు అడిగింది.

"ఎవరికమ్మా?"

"మా ఆయనకండి."

"మీ ఆయన ఫుట్‌బాల్ ఆడతాడా?"

"ఆడితే ఇంట్లో ఎందుకుంటాడండీ!" అని పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

వరహాలరావు ఆ వెళ్ళడం చూసి, ఆడవాళ్ళు కూడా కొంటున్నారే అని తనలో తను అనుకున్నాడు. మరి ముగ్గురు వచ్చారు. అందరూ తలవంచుకుని వచ్చారు. ఎవరూ వేసుకుని చూడలేదు. చివరికి అరలో మేము ఒక్క జతే మిగిలాం. దసరాకి ఇంకా ఇరవై రోజులుంది.

కాత్యాయని గారు దుకాణానికి రాలేదు. తనే వచ్చి కొంటే వరహాలరావు ఏమనుకుంటాడోనని, అన్నగారి కోడలిని పంపించారు. నేను ఆ పిల్ల సంచిలో కూర్చుని బయలుదేరాను. అర ఖాళీ అయిందని ఆ పిల్లకు చెప్పాలనిపించలేదు. కాత్యాయని గారికి అడగాలనిపించలేదు. ఒక్క జతే కదా అని ఆమె అనుకుంది. ఆరుగురూ అదే అనుకున్నారు. నిజానికి ఈ లోకంలో బూట్లు కొనేవారందరూ అనుకునేదీ అదే.

ఆదివారం సంఘం సమావేశం గవరయ్య గారి మేడమీద జరిగింది. "నియమం తప్పుతున్నందుకు క్షమించండి" అంటూ కాత్యాయని గారు మా జతను బల్లమీద పెట్టారు. గవరయ్య గారు లేచి లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చారు. నూకరత్నం సంచిలో చెయ్యి పెట్టింది. కాసేపటికి బల్లమీద పన్నెండు బూట్లు నిలబడ్డాయి. పన్నెండింటి మధ్య నేనెవరో నాకే తెలియలేదు.

"మనమేనా?" అంది నూకరత్నం. "బయటివాడు ఒక్కడైనా కొనలేదా?"

జవాబు బల్లమీదే ఉంది.

గవరయ్య గారు వీటన్నిటినీ శాస్త్రోక్తంగా పూడ్చిపెడదామన్నారు.

"అడుగు ప్లాస్టిక్కు గవరయ్య గారూ, మట్టిలో కలవదు" అంది నూకరత్నం. అని, చీర చెంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది.

మరునాడు కాత్యాయని గారు నన్ను పట్టుకుని దుకాణానికి వెళ్ళారు. గుమ్మం ముందు ఒక ఆటో నుంచి పెట్టెలు దించుతున్నారు. అరవై జతలు.

"దసరా రాలేదు కదా, వరహాలరావు గారూ."

"ఆరూ పోయాక దసరాతో పనేటండీ? కంపెనీవాళ్ళు సంతకం అడిగారు, పెట్టేశాను."

"ఆ ఆరూ మేమే కొన్నాం."

ఆయన చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. ముఖంలో జాలి కనిపించింది. అది కోపం కంటే భరించరానిది.

"ఎంత పని చేశారండీ! నేను నిజంగానే మానేద్దును. మీమీద ఒట్టు." పెట్టె కింద పెట్టి అన్నాడు: "చూపించడానికి కొన్నారా, ఏడవడానికి కొన్నారా అన్నది కంపెనీవాడికి తెలీదు కదమ్మా. వాడికి పోయిందా లేదా, అంతే."

"వెనక్కి పంపలేరా?"

"సంతకం అయిపోయిందమ్మా."

ఆమె బయటికి వచ్చింది. ఇంటికి వెళ్ళలేదు. ఎదుటి పేవ్‌మెంటు మీద, ఎండలో, నన్ను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నినాదం లేదు, అట్ట లేదు. ఒక అమ్మాయి ఆగింది. భుజాన బంతుల వల, మోకాలికి పాత దెబ్బ, కాలేజీ జట్టు చొక్కా.

"ఏంటి మేడమ్ అది?"

కాత్యాయని గారు చెప్పారు. కంగారూ సంగతి, పొట్టసంచి సంగతి. ఆ అమ్మాయి వింటూనే వేలితో నన్ను నిమిరింది. "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అంది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "మరి మీరెందుకు కొన్నారు మేడమ్?"

ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు అది. ఆ గొంతుతోనే ఒప్పుకుంది.

"తప్పు చేశానమ్మా. ఆరుగురం చేశాం. అందుకే లోపల అరవై ఉన్నాయి."

అమ్మాయి దుకాణం వైపు చూసింది. నావైపు చూసింది. తన కాళ్ళకున్న చిరిగిన బూట్లవైపు చూసుకుంది. "రేపు సెలెక్షన్ ఉంది మేడమ్" అని, ఎవరికి చెబుతోందో తెలియనట్టు చెప్పి, రోడ్డు దాటి దుకాణం మెట్లెక్కింది.

కాత్యాయని గారు కదలలేదు. ఇంకెవరో వస్తున్నారు. ఈసారి ఆమె కంగారూతో మొదలుపెట్టలేదు. "బాబూ, ఈ బూటు నేను కొన్నాను" అని మొదలుపెట్టింది.

ఆమె అరచేతుల చెమట నాలోకి దిగుతూ ఉంది. తోలు తడిని పీల్చుకుంటుంది. బతికున్న ఒంటిలా నేను ఇప్పటికీ చేయగలిగే పని అదొక్కటే.