తర్వాత ఎవరికి?

శనివారం సాయంత్రం నాలుగింటికి రాంగోపాల్‌పేట్‌లో మా బడి వెనక గదిలో పిల్లలు చాప మీద చేరి, కొత్తగా చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకునేవారు. ఆ ఏర్పాటు నా భార్య ఆలిస్‌ది. ఆమె పోయి రెండేళ్ళయినా నేను దాన్ని ఆపలేదు, ఆమె పెట్టిన పద్ధతీ మార్చలేదు. పుస్తకం చదివినవాళ్ళు లేచి నిలబడి, నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి చెప్పాలి. అప్పుడు నేను "తర్వాత ఎవరికి?" అని అడగాలి. వాళ్ళు ఒక పేరు చెప్పాలి. ఆ పేరుగల మనిషి వచ్చి తీసుకునేదాకా పుస్తకం బల్ల మీదే ఉండాలి. ఒకసారి రిచర్డ్‌కు టైఫాయిడ్ వస్తే ఒక ఓడ కథ ఐదు వారాలు అలాగే అతని కోసం ఉండిపోయింది.

పేరు చెప్పే హక్కు చదివిన పిల్లలదే, పెద్దవాళ్ళది కాదు. "మనమిస్తే మందులా మింగుతారండీ. వాళ్ళలో వాళ్ళు ఇచ్చుకుంటే జామకాయలా కొరుకుతారు" అనేది ఆలిస్.

ఆ పిల్లల్లో అజ్మతున్నీసాకు పన్నెండేళ్ళు. వాళ్ళది కర్నూలు, ఇంట్లో మాట్లాడేది తెలుగే, యాస మాత్రం ఇక్కడిదే. తండ్రి సుభాన్ దగ్గర్లోని ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టేవాడు. పిల్లల నవలలు నాలుగు చేతులు మారేసరికి కాగితాలు ఊడిపోతాయి. అందుకని సుభాన్ ప్రతి కొత్త పుస్తకాన్నీ విప్పి, గట్టి దారంతో మళ్ళీ కుట్టి, నీలం గుడ్డ అట్ట వేసి ఇచ్చేవాడు. అతనికి తెలుగు చదవడం రాదు. "ఎందుకయ్యా నీకీ శ్రమ" అంటే, "మా పిల్ల సుత సదువుతది గద సార్" అనేవాడు.

యాదగిరికి పద్నాలుగేళ్ళు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు. ఏ పుస్తకం ముగించినా అతను చెప్పే పేరు ఒకటే.

"అజ్మత్‌కే ఇయ్యుండ్రి సార్. నాకు నచ్చిందంటే ఆమెకు నచ్చది. ఏం తిడ్తదో సూడాలె."

"తిట్టుడు గాదు. నువ్వు ఆఖరి పేజీ ముందుగాల సదువుతవ్. దొంగవు," అనేది అజ్మత్.

"నువ్వు అట్ట సుత సదువుతవ్."

"మా అబ్బా ఏసిన అట్ట. సదువుత. నీకేంది తక్లీఫ్?"

నలభై ఎనిమిది వేసవిలో బెజవాడ నుంచి పుస్తకాల పార్సిళ్ళు ఆగిపోయాయి. రజాకార్లు యాదగిరి వాళ్ళ ఊరి మీద పడ్డారనీ, అతని చిన్నాన్నను పట్టుకుపోయి కాల్చేశారనీ తెలిసింది. ఆ కుటుంబమంతా అతన్ని కూడా తీసుకుని బెజవాడ వెళ్ళి శిబిరంలో తలదాచుకుంది. అతను లేనన్నాళ్ళూ అజ్మత్ తాను చదివిన పుస్తకాలకు అతని పేరే చెప్పింది. "యాదగిరికి సార్. వస్తడు." అలా రెండు పుస్తకాలు బల్ల మీద ఉండిపోయాయి.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. పోలీసు చర్య ఐదు రోజుల్లో ముగిసిందన్నారు. దసరా వెళ్ళాక యాదగిరి తిరిగొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. బల్ల మీది పుస్తకాలు చూసి, "ఎవరు జెప్పిండ్రు నా పేరు?" అని అడిగాడు.

వాళ్ళతోపాటు చదివే సువార్త, అజ్మత్ అని చెప్పింది. అతను చేతిలోకి తీసుకున్న పుస్తకాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేసి, చాప మీద ఆ చివర పోయి కూర్చున్నాడు. అజ్మత్ కూర్చున్న వైపు తలైనా తిప్పలేదు.

నవంబరు మొదట్లో పార్సిలు వచ్చింది. నాలుగు కొత్త నవలలు. ఎన్ని నెలల తర్వాతో! పిల్లలు కట్టు విప్పకముందే వాసన చూశారు. మళ్ళీ శనివారాలు కళకళలాడాయి.

"నచ్చింది ఏనుగు సార్," అంది సువార్త, సర్కస్‌లో చేరిన అమ్మాయి కథ గురించి. "నచ్చనిది ఆ పిల్లనే. ప్రతి పేజీల ఏడుస్తది. కాల్ల మేకు దిగినా నేనంత ఏడ్వ."

"తర్వాత ఎవరికి?"

"రిచర్డ్‌కు."

రిచర్డ్ లంకల్లో దారి తప్పిన అన్నదమ్ముల కథ చదివాడు. "పడవ రెండే పేజీలు సార్. మిగిలిందంత నీతులే. నీతులు మా నాన్న దగ్గర చానా ఉన్నయ్."

అందరూ నవ్వారు. అజ్మత్ అందరికంటే గట్టిగా నవ్వింది.

"తర్వాత ఎవరికి?"

"ప్రేమమణికి."

నేను ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా అజ్మత్ వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునేది. పేరు వినిపించాక ఓణీ కొంగు సర్దుకునేది. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. కుట్టి వచ్చిన మూడు పుస్తకాలూ గది చుట్టూ తిరిగాయి, ఆమె దగ్గర మాత్రం ఆగలేదు. నాలుగోది ఇంకా సుభాన్ దగ్గరే ఉంది.

సువార్తను విడిగా పిలిచి అడిగాను.

"అమ్మ వద్దన్నది సార్," అంది కాలి బొటనవేలితో నేల గీస్తూ. "టైమ్ మంచిగ లేదంట. ఎందుకొచ్చిన పరేషాన్ అన్నది."

వాళ్ళమ్మ రోసమ్మ చెడ్డ మనిషి కాదు. ఆలిస్ జబ్బు పడ్డప్పుడు నెల రోజులు గంజి కాచి పంపిన మనిషి. సువార్త కూడా ప్రతి శనివారం చాప మీద తన పక్కన జానెడు చోటు వదిలి, "ఇటు రా అజ్మత్" అని పిలిచేది. నేను ఆ జానెడు చోటు చూసి తృప్తి పడేవాణ్ణి. అలాంటి చిన్న చిన్న దయలు ఏరుకోవడం నాకు అలవాటు. ఏరుకుంటూ కూర్చున్నాను.

చివరికి ఒక సాయంత్రం సర్కస్ నవల సంచిలో పెట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. సుభాన్ పని వేళలోనే ఇంట్లో ఉన్నాడు. ముందర మైదాపిండి జిగురు గిన్నె, సూది, మా నాలుగో పుస్తకం. ప్రెస్సు యజమాని ఇక రావద్దన్నాడట.

"పదమూడేండ్లు జేసిన సార్. ఏం తప్పు జేసిన్నో జెప్పలె. నా దిక్కు సూడకుంట జెప్పిండు, బస్." నాలుగో పుస్తకం వెన్ను మీద గుడ్డ నొక్కుతూ అన్నాడు. "ఇంకో మూడు వారాలకు, బేస్తవారం దినం కర్నూలు పోతున్నం. మా తమ్ముడున్నడు ఆడ. ఇది మాత్రం కుట్టే పోత."

అజ్మత్ నా చేతిలోని పుస్తకం చూసింది. తీసుకోలేదు.

"మీరిస్తే వద్దు సార్. ఆలిస్ అమ్మగారి రూలు గదా."

"ఈ ఒక్కసారికి చదువమ్మా."

"వద్దు సార్." మెల్లగా అడిగింది. "మేం పోయేలోపల ఎవరన్న నా పేరు జెప్తరా?"

"చెప్తారమ్మా," అన్నాను.

ఆ నాలుగో పుస్తకం బెజవాడలో అప్పటికప్పుడు రాసి అచ్చేసింది. రజాకార్ల చేతి నుంచి ఊరిని కాపాడిన కుర్రాడి కథ. అందులో ద్రోహి నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే బతికిన ముసలి దర్జీ, తురకవాడు. పిల్లలకు ఇచ్చే ముందు ప్రతి పుస్తకం నేను చదువుతాను. ఇదీ చదివాను. భాష శుభ్రంగా ఉంది, కథ పరిగెత్తుతోంది అనుకుని బల్ల మీద పెట్టాను.

డిసెంబరు మొదటి శనివారం యాదగిరి ఆ పుస్తకం పట్టుకుని లేచాడు.

"నచ్చింది, పోరడు రాత్రిపూట దొర గడి గోడెక్కుడు. నచ్చనిది, జల్ది అయిపోయింది."

"తర్వాత ఎవరికి?"

రెండు నెలల్లో మొదటిసారి అతను ఆమె వైపు సూటిగా చూశాడు.

"అజ్మత్‌కు. సదవని. ఎర్క గావాలె."

పుస్తకంలో ఏముందో యాదగిరి ముందే మిగతా పిల్లలకు చెప్పేశాడు. తెలియనిది ఆమె ఒక్కతెకే. లేచి, అరచేతులు లంగాకు తుడుచుకుని, రెండు చేతులతో పుస్తకం అందుకుంది. "షుక్రియా యాదగిరి," అంది. ఆమె మొహం వెలిగిపోయింది. అట్ట మీద తండ్రి చేతి కుట్టును వేలితో తడుముతూ కూర్చుంది. నేను ఆపవచ్చు. ఆపలేదు. పేరు వచ్చింది కదా, నియమం నియమమే అనుకున్నాను.

తర్వాతి శనివారం ఆమె రాదనుకున్నాను. అందరికంటే ముందే వచ్చింది. తన వంతు రాగానే లేచి నిలబడింది.

"నచ్చింది సార్, వాగు. వాన పడ్డంక వాగు ఎర్రగ వస్తదని రాసిండు, అది మంచిగుంది. గడి గోడెక్కేటప్పుడు నాకు సుత భయమైంది." పుస్తకం మూసింది. "నచ్చనిది దర్జీ."

"మీ తురకోడని," అన్నాడు యాదగిరి.

"గందుకు గాదు. దర్జీ చెడ్డోడే ఉండని. ఉంటరు. కాని సార్, ఈ పుస్తకంల అందరు తింటరు. పోరడికి అమ్మ జొన్నరొట్టె పెడ్తది. పటేలు మామిడిపండు తింటడు. కుక్క సుత తింటది. దర్జీ నలభయ్యేండ్లు ఆ ఊర్లుంటడు, ఒక్కసారి నీళ్ళు సుత తాగడు. నేను రెండుసార్లు ఎతికిన. ఆయనేం తింటడో రాసినోళ్ళకు తెల్వది సార్. ఎవర్నన్న అడిగితే జెప్తుండె."

యాదగిరి ఒక్కసారిగా లేచాడు.

"మా చిన్నాయన సుత తినలె! ఎర్కేనా? కంచం ముందట కూసున్నడు. ముద్ద నోట్లె పెట్టలె. గప్పుడే వచ్చి తీస్కపోయిండ్రు. ఆ కంచం మా నాయినమ్మ రెండు దినాలు గట్లనే ఉంచింది."

ఆమె అతని వంక తిరిగింది. చేతిలోని పుస్తకం చూపించి అంది:

"ఆ కంచం ఇందుల లేదు యాదగిరి. అది రాస్తే నేను ఏడుస్తుంటి."

అతను కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. రిచర్డ్ జేబులోంచి ఉప్పు శనగలు తీసి అతని పక్కన చాప మీద పెట్టాడు. అదీ చూశాను నేను, తృప్తిగా.

"తర్వాత ఎవరికమ్మా?" అన్నాను, త్వరగా ముగించాలని.

"మీకు సార్."

"నేను చదివానమ్మా."

"సదివిండ్రా?" ఆశ్చర్యంగా చూసింది. "అయితే జెప్పుండ్రి. నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి."

పిల్లలంతా నా వైపు తిరిగారు. నేను బి.ఏ. చదివినవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి. దర్జీ నీళ్ళు తాగలేదన్న సంగతి నాకు కనబడలేదని చెప్పాలి. కనబడకపోవడానికి కారణం చెప్పాలి. ఆ మాటలు మర్నాటికి రాంగోపాల్‌పేట్ అంతా పాకుతాయి. బడి పెద్దలు పిలుస్తారు. ఈ రోజుల్లో మీకెందుకండీ అంటారు. గోడ గడియారం చూశాను. ఐదుకు పది నిమిషాలుంది.

"టైమైంది," అన్నాను. "వచ్చే శనివారం చెబుతాను."

వచ్చే శనివారం ఆమె ఉండదని ఆ గదిలో నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆమె పుస్తకం తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. చదివిన పేజీ గుర్తుకు పెట్టుకున్న నీలం గుడ్డ పేలిక తీసేసి, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"మంచిది సార్," అని వెళ్ళిపోయింది.

ఆ గురువారం పొద్దున కర్నూలు బండికి వాళ్ళు వెళ్ళారు. నాకు ఆ వేళ క్లాసుంది. సెలవు అడిగితే ఇచ్చేవారే. అడగలేదు.

శనివారం పిల్లలు వచ్చారు. సువార్త అలవాటుగా పక్కన జానెడు చోటు వదిలి కూర్చుని, గుర్తొచ్చి జరిగింది. నేను పుస్తకం తీసుకుని లేచి నిలబడ్డాను. నచ్చింది భాష అని చెప్పాను. నచ్చనిది దర్జీని రాసిన తీరు అని చెప్పాను. దర్జీ ఏం తింటాడో రాసినవాళ్ళలాగే చదివిన నేనూ ఆలోచించలేదని, పిల్ల చెబితే తెలిసిందని చెప్పాను. ఇంకా ఏవేవో చెప్పాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

"ఆమె ఉన్నప్పుడు జెప్పకపోతిరి," అన్నాడు యాదగిరి.

రిచర్డ్ పాపం, మాట మార్చడానికి అడిగాడు. "తర్వాత ఎవరికి సార్?"

"అజ్మతున్నీసాకు."

"ఆమె సదివింది గద సార్."

"మళ్ళీ చదవాలనిపిస్తే చదువుతుంది."

"ఆమె లేదు గద," అన్నాడు యాదగిరి. "రాదు గద."

అవునన్నాను. పుస్తకం బల్ల మీద పెట్టాను. కర్నూలులో వాళ్ళ చిరునామా కోసం ప్రెస్సులో అడిగాను, వీధిలో అడిగాను. సుభాన్ ఎవరికీ ఇచ్చి వెళ్ళలేదు. నాకు కూడా ఇవ్వలేదు.

ఎండాకాలం సెలవుల దాకా ఆ పుస్తకం బల్ల మీదే ఉంది. కొత్త పిల్లలు ఎవరైనా చెయ్యి వేయబోతే యాదగిరి ఊరుకునేవాడు కాదు. "ముట్టకు. పేరున్నది దానికి," అనేవాడు. శనివారం శనివారం ముందే వచ్చి, చొక్కా చేతితో నీలం అట్ట మీది దుమ్ము తుడిచేవాడు. తెరిచేవాడు కాదు.