పొట్టలో మోగే ఫోను

సోమవారం నుంచి నా పొట్ట మోగుతోంది. ఎత్తేదాకా ఆగదు. ఎత్తాలంటే కొంగు పక్కకి తీసి బొడ్డు దగ్గర వేలితో నొక్కాలి. "ఏమ్మా, కరెంటు ఎప్పుడొస్తుంది? నిద్రపోతున్నారా అక్కడ?" అని లోపలి నుంచి ఒకాయన అరుస్తాడు. ఆయన్ని గొంతు బట్టి గుర్తుపడతాను. పోయిన వారం ఆఫీసుకి ఫోన్ చేసి నన్ను తిట్టిన మనిషే.

నేను కరెంటు ఫిర్యాదుల కాల్ సెంటర్లో పనిచేస్తాను. జనం ఎంత తిట్టినా మేం ముందుగా ఫోన్ పెట్టేయకూడదు, ఎదురు మాట్లాడకూడదు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి లైన్లో ఉండండి" అనాలి. ఆ మాట అనేసి గుటక వేస్తాను. గుటకతో పాటు తిట్టిన మనిషి కూడా లోపలికి దిగుతాడు. దిగి, కాళ్లు చాపుకుని కూర్చుని, కొవ్వు కప్పుకుంటాడు.

ఎంత రోత కొవ్వో చెప్పలేను. చేతులు సన్నగానే ఉన్నాయి, మొహం పీక్కుపోయింది. పొట్ట ఒక్కటే గడ్డకట్టిన డాల్డాలా ముందుకొచ్చి బల్ల మీద పడుకుంటోంది. నేను లేచాక బల్ల మీద జిడ్డు మరక మిగులుతుంది. దానికి పాచినోటి కంపు. నా నోటిది కాదు, వాళ్లందరిదీ. కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు వేళ్లు తడితడిగా లోపలికి దిగబడతాయి. ఛీ, నా ఒళ్లు నేనే ముట్టుకోలేకపోతున్నాను.

సూపర్‌వైజర్ కిరీటి గారు రోజూ మా బల్లల మీద మిక్చర్ పొట్లాలు పెట్టిస్తారు. నోరు ఆడుతుంటే కోపం రాదని ఆయన నమ్మకం. నా చెయ్యి నన్ను అడగకుండానే పొట్లంలోకి వెళ్లి వస్తుంటుంది.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింటుంది.

"వెనక వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిందంటున్నారు లోపలివాళ్లు," అంటుంది. "ఇది తిండి వల్ల ఒక్కటే కాదమ్మా, టెన్షన్. ఎవరో తరుముతున్నారనుకుంటోంది మీ ఒళ్లు. అందుకే దొరికిందల్లా తెచ్చి పొట్టలో దాచుకుంటోంది."

"ఖాళీ చేయించండి డాక్టర్ గారూ. ఆ చోటు నేను వేరేవాళ్ల కోసం ఉంచుకున్నాను."

ఆవిడ మళ్లీ వింటుంది. "వెళ్లం అంటున్నారు. వాళ్ల పని అవ్వలేదట."

పెళ్లయి చాలా ఏళ్లయింది. నాకో ఆడపిల్ల కావాలి. పేరు కూడా అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి హాలు నిండా పేరంటాళ్లు. అత్తయ్య నా పొట్ట చూసి సీమంతం పెట్టేసింది. పూలు చుట్టిన కుర్చీలో నన్ను కూలేసి, బుగ్గలకి గంధం రాసి, ఆకుపచ్చ గాజులు ఎక్కించేస్తున్నారు.

"అత్తయ్యా, ఇది కడుపు కాదండీ. కొవ్వు."

"అలాగే అనాలిలే, దిష్టి తగలకుండా," అంటుంది అత్తయ్య.

ఒళ్లో చలిమిడి ముద్ద పెడతారు. అదీ పొట్టా ఒకే మెత్తన, ఒకే జిగట. ఎక్కడ ఏది ఆగిందో తెలియడం లేదు. నాకు డోకు వస్తుంది. పేరంటాళ్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సంబరపడతారు.

అప్పుడే పొట్ట మోగుతుంది. అత్తయ్య వంగి, వేలితో నొక్కి, చెవి ఆనిస్తుంది.

"ఎవరు మాట్లాడేది?" అని లోపలాయన గద్దిస్తాడు.

"నాన్నమ్మనిరా."

ఆయన కాసేపు ఆలోచిస్తాడు. "ఇక్కడంతా చీకటిగా ఉంది నాన్నమ్మా," అంటాడు, ముసలి గొంతుతో, గారంగా.

అత్తయ్య కళ్లు తుడుచుకుంటుంది. "అచ్చం వాళ్ల తాత గొంతే!"

ఇప్పుడు గట్టిగా కాదనకపోతే లోపలున్న వాళ్లందర్నీ నేను కని పెంచాలి. ఊపిరంతా కూడదీసుకుని "కాదు!" అని అరుస్తాను. నోట్లోంచి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని వస్తుంది. ఎంత మర్యాదస్తురాలో కోడలు, అని ఎవరో మెచ్చుకుంటారు.

హారతి ఇస్తుండగా లోపల కరెంటు వస్తుంది. చీరలోంచి పొట్ట పసుప్పచ్చగా వెలుగుతుంది. కొవ్వులో మెడదాకా కూరుకుని వాళ్లంతా వరసగా కనిపిస్తారు. నా మిక్చరే తింటున్నారు, నోళ్లు తెరిచి, చప్పుడు చేస్తూ. వరస చివర చెప్పులు చేత్తో పట్టుకుని ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. కూర్చోడానికి దానికి చోటు లేదు. ముందున్నవాళ్లు మోచేతులతో దాన్ని వెనక్కి తోస్తున్నారు.

పాపే నన్ను గుర్తుపడుతుంది.

"అమ్మా, నా వంతు ఎప్పుడు?"

నా చెయ్యి చలిమిడిలోకి వెళ్లి వస్తుంది. "దయచేసి లైన్లో ఉండండి," అంటాను. గుటక వేస్తాను.

పాప సరేనని తలూపి, చెప్పులు పక్కన పెట్టి, కింద కూర్చుని, ఆ కొవ్వు మెడదాకా కప్పుకుంటుంది.